తడిస్తేనే కనిపించే పేరు

కుళాయి కింద బకెట్ నిండుతుండగా డెనిస్ సట్‌క్లిఫ్ మెత్తటి బ్రష్షును వేలితో తడిమి, వెంట్రుకల్లో గులకరాయి ఏదీ ఇరుక్కోలేదని చూసుకున్నాడు. యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు చూసుకుంటానని పేరిచ్చిన రోజు యుద్ధ సమాధుల సంస్థవాళ్ళు చెప్పింది అదొక్కటే: నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతకుమించి ఏదీ రాయికి తగలకూడదు. హాలిఫాక్స్ కొండదారుల్లో బతుకంతా బస్సు నడిపిన మనిషి. అందరినీ వాళ్ళ వాళ్ళ స్టాపుల్లో దింపి, ఖాళీ బస్సు డిపోకు తెచ్చుకోవడమే అతనికి తెలిసిన పని. భార్య జీన్ పోతే, ఆమె కోరినట్టే బూడిద సముద్రంలో కలిపాడు. కడుక్కోవడానికి తనకంటూ ఒక రాయైనా లేదని ఆ తర్వాత గానీ తెలిసిరాలేదు. అందుకే పరాయి రాళ్ళ దగ్గరికి వచ్చాడు.

సర్కారు వేయించిన తెల్లరాళ్ళు తొందరగానే శుభ్రపడ్డాయి. చర్చి గోడ పక్కనున్నదే అతని ప్రాణం తీస్తోంది. అది కుటుంబం వేయించుకున్న ఇసుకరాయి. దాని కింద ఉన్నది ఆల్బర్ట్ హోల్‌రాయిడ్, గాయాలతో ఇంటికొచ్చి ఇక్కడి ఆసుపత్రిలోనే పోయిన సిపాయి. రాయి మొహం పాతగోడ సున్నంలా రాలిపోతోంది. చెయ్యి తగిలినా ఇసుకే.

ఆల్బర్ట్ కూతురు మౌరీన్ అప్పటికే మడతకుర్చీ వేసుకుని రాయి ముందు కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. మేనల్లుడు మధ్యాహ్నం కారు తెచ్చి ఆవిణ్ణి దక్షిణాన ఎక్కడో వృద్ధాశ్రమానికి తీసుకెళతాడు. మళ్ళీ రావడం అంటూ ఉండదు.

"ఏమయ్యా, ఇప్పుడా రావడం? బస్సు కూడా ఇలాగే నడిపావా?"

"నేనెప్పుడూ టైముకే వచ్చానండీ. జనమే ముందొచ్చి నన్ను తిట్టుకునేవాళ్ళు."

ఆవిడ నవ్వి, సంచిలోంచి ఇనుప తీగల బ్రష్షు తీసింది. చెక్కపిడి చేతి అరుగుదలకి నున్నబడి ఉంది.

"ఇదిగో, తీసుకో. నీ పౌడరు కుంచెతో నాచు కదుల్తుందా? ఏటా ఈస్టరుకి అమ్మా నేనూ దీంతోనే, బ్లీచింగు పోసి మరీ రుద్దేవాళ్ళం. అమ్మ పోయాక నేనొక్కదాన్నే. ఒక్క ఏడు మానితే ఒట్టు."

డెనిస్ చుట్టూ చూశాడు. పక్కనే అలాంటి ఇసుకరాళ్ళే, ఎవరూ పట్టించుకోనివి, నాచు కప్పుకుని నిక్షేపంగా ఉన్నాయి. ఈ ఒక్కదాన్నే ప్రేమించి ప్రేమించి అరగదీశారు.

"నేను పుట్టేసరికే నాన్న లేడు," అంది మౌరీన్. "మొహం తెలీదు. అమ్మ నా వేలు పట్టుకుని ఆ గాట్లలో తిప్పే అక్షరాలు నేర్పింది. నా చేతుల్లో ఇప్పుడు సత్తువ లేదు. వెళ్ళేలోగా ఆ పేరొకసారి శుభ్రంగా చూపించు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"దీంతో రుద్దితే కొంచెం..."

"కొంచెం ఏమిటి?"

"ఏం లేదండీ."

డెనిస్ తీగల బ్రష్షును అందుకుని, రాయి అడుగున ఉన్న మెట్టు మీద పెట్టి, మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి మెల్లగా పోశాడు. తడికి రాయి నల్లబడింది. ఆ నలుపులో, వేలికి కూడా అందనంత పలచగా, ఆల్బర్ట్ హోల్‌రాయిడ్ అన్న పేరు తేలింది.

"అదిగో," అంది మౌరీన్. కళ్ళు తుడుచుకోలేదు.

ఎండకి అంచులు తెల్లబడగానే మళ్ళీ పోశాడు. ఆరేలోగా మళ్ళీ. ప్రతి మగ్గుతోనూ నాలుగు ఇసుకరేణువులు మెట్టు మీదికి జారుతున్నాయి. ఆవిడకి కనపడకుండా తన బూటు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పోయకపోతే పేరు కనిపించదు, పోస్తే పోతోంది. ఏం చెయ్యాలో తోచక పోస్తూనే ఉన్నాడు.

"రుద్దకుండానే వచ్చేసిందే. మంచి చెయ్యయ్యా నీది."

కారు వచ్చింది. మేనల్లుడు చెయ్యి పట్టుకుని లేపాడు. గేటు దగ్గర ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ బ్రష్షు నీకే. ఈస్టరుకి మర్చిపోకు డెనిస్. మా నాన్నకి నాచు పట్టనివ్వకు."

"అలాగేనండీ," అన్నాడు.

కారు మలుపు తిరిగేసరికి రాయి ఆరిపోయి, వట్టి పసుపుపచ్చ బండగా మిగిలింది. బకెట్‌లో ఇంకా సగం నీళ్ళున్నాయి. డెనిస్ వాటిని గడ్డిలో ఒంపేసి, చాలాసేపు ఏడ్చాడు.

మెట్టు మీద తీగల బ్రష్షు వెల్లకిలా పడి ఉంది. తుప్పు పట్టిన తీగల మధ్య పసుపుపచ్చటి ఇసుక, ఎన్ని ఈస్టర్లదో, గట్టిగా ఇరుక్కుని ఉంది.