రాస్‌లో కొబ్బరిచెట్టు కింద

"అత్తా, రేపటి నుంచి నేను గైడ్‌ని" అన్నాను. అన్నది వంటింట్లో, మిక్సీ తిరుగుతుండగా. మా అత్త సింహాచలమ్మకి కుడిచెవి ఎప్పుడో సెలవు పెట్టింది, ఎడమది రోజుకూలి లెక్కన పనిచేస్తుంది. ఆ చెవిలోకి 'గైడ్' కాస్తా 'గాడిద' అయి దూరింది. చేతిలో పిసుకుతున్న చింతపండు గిన్నెలో పడేసి, "నిన్ను గాడిదన్నదెవుడే?" అంటూ, నా జవాబు కోసం ఆగకుండా వరండాలోకి నడిచింది. అక్కడ మా ఆయన రామ్‌ప్రసాద్, దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ నుంచి సెలవులకి దిగిన ఆయన చెల్లెలు బేబీరాణి, ఆమె భర్త ఉమేష్ టీ తాగుతూ మర్నాటి షికారు గురించి మాట్లాడుకుంటున్నారు. "నా కోడల్ని గాడిదంటావేట్రా?" అని అత్త కొడుకుని నిలదీసింది. విశేషమేమిటంటే, లేదని చెప్పడానికి ముందు ఆయన కాసేపు ఆలోచించారు. ఎప్పుడో అనే ఉంటానన్న అనుమానం మొహంలో కనిపించింది. నేను వెళ్లి సరిదిద్దొచ్చు. దిద్దలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్త నా తరఫున గొంతెత్తడం అదే మొదలు. అంత మంచి పొరపాటుని చేతులారా చెడగొట్టుకునేంత గాడిదని కాను.

మా దీవుల్లో డిసెంబరంటే చలి రాదు, చుట్టాలొస్తారు. బళ్లకి సెలవులివ్వగానే బేబీరాణి పిల్లలతో బస్సు దిగి, అబర్డీన్ బజారు వెనకున్న మా ఇంటికి చేరుతుంది. ఇక రోజుకో చోటు. తెల్లదొరలు కట్టిన జైలు చూస్తారు, చిడియాటాపులో సూర్యాస్తమయం చూస్తారు, ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్ వైపు వెళ్లొస్తారు, ఆఖర్న తప్పనిసరిగా రాస్ ద్వీపం. ప్రభుత్వం దానికి పేరు మార్చింది కానీ, మా నోళ్లలో రాసిపెట్టి ఉన్నది రాసే. ఇన్ని చోట్లలోనూ వాళ్లది సంచారం, నాది సంచి భారం. వాళ్లకి కావాలి విహారం, దానికి కావలి నేను. తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం తాలింపు వేసి, పిల్లలు నీళ్లలో దిగితే మార్చే బట్టలు, అత్త మాత్రలు, ఉమేష్ నడుం పట్టీ అన్నీ మోసుకుని పడవ దిగుతాను. రాస్ జెట్టీ దాటగానే ఓ వంకర కొబ్బరిచెట్టు ఉంది. దాని కింద కూర్చుంటాను. ఎందుకంటే అక్కడ జింకలున్నాయి, బొత్తిగా జంకు లేని జింకలు. పులిని చూస్తే జింక పారిపోతుందని బళ్లో చదివాను, పులిహోరని చూస్తే పరిగెత్తుకొస్తుందని రాస్‌లో నేర్చుకున్నాను. ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకరే. "వదినకి నడవడం ఇష్టం ఉండదు" అని బేబీరాణి ఓసారి పక్కింటావిడతో అనడం విన్నాను. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు, నా ఇష్టం మాత్రం అలా తయారైపోయింది. వాళ్లు కొండెక్కి, వేళ్లల్లుకున్న దొరల నాటి గోడలు చూసి, అవతలి ఒడ్డున దీపస్తంభం దాకా వెళ్లి, చెమటలతో తిరిగొచ్చి, అబ్బ ఏం గాలి, ఏం గాలి అంటారు. ఆ గాలిని నేను విస్తళ్లు వేస్తూ వినేదాన్ని. ఇక్కడే పుట్టి ఇక్కడే మెట్టినదాన్ని, ఆ దీపస్తంభాన్ని మాత్రం చూడలేదు.

ఈ ఏడు వానాకాలంలో స్థానికులకి గైడ్ శిక్షణ అని తెలిస్తే, మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి వెళ్లడం మొదలుపెట్టాను. మా ఆయన దానికి 'టైంపాస్' అని పేరు పెట్టారు. టైంపాసో కాదో గానీ పరీక్ష పాసయ్యాను. శిక్షణలో మమ్మల్ని రాస్ తీసుకెళ్లిన రోజున ఆ కొబ్బరిచెట్టు పక్కనుంచి తలొంచుకుని దాటాను, అప్పిచ్చినవాడి కొట్టు ముందునుంచి వెళ్లినట్టు. ఎవరైనా పిలిచి కూర్చోమంటారేమోనని భయం. ఎవరూ పిలవలేదు. మెట్లు దిగి దీపస్తంభం ముందు నిలబడితే, మొహానికి కొట్టిన గాలికి ఊపిరాడలేదు. పుట్టిన ఊళ్లో మొదటిసారి టూరిస్టునయ్యాను.

ఇప్పుడు శిక్షణ ఇచ్చినవాళ్లు అప్పగించిన నా మొదటి బృందం వస్తోంది. పదవీ విరమణ చేసిన కాకినాడ పంతులమ్మలు. చూడవలసిన చోటు రాస్, రోజు కూడా మావాళ్లు రాస్ వెళ్లే రోజే. ఆ రాత్రే భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాను. అత్త అప్పటికే కొడుకు మీద అలిగి, కంచం పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది. మా ఆయన నవ్వారు. "రాస్‌లో నీకు తెలిసిందల్లా ఆ కొబ్బరిచెట్టే కదా, దాన్ని చూపిస్తావా?" అన్నారు. ఉమేష్ కూడా నవ్వి, తమాయించుకున్నాడు. తర్వాత మా ఆయన గొంతు మెత్తబడింది. ఆయన గొంతు మెత్తబడితే నాకు పని పడుతుందని అర్థం. "ఏక్ దిన్ ఛోడ్ దో పద్మినీ, ఒక్కరోజు మానెయ్. ఇంకెవరినైనా పంపుతార్లే. సామాన్ ఎవరు చూస్తారు?" అన్నారు. నిజమే, ఇంకెవరినైనా పంపుతారు. మొదటిరోజే రానివాళ్లని రెండోరోజు పిలవరు. అది ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం తెలుసు.

పొద్దున్నే అలవాటు కొద్దీ పులిహోర కలిపాను. సంచులన్నీ సర్ది, వీధిగుమ్మంలో మా ఆయన చెప్పుల పక్కన పెట్టాను. మెడలో గైడ్ కార్డు వేసుకుని ముందు పడవకే వెళ్లిపోయాను.

పంతులమ్మలు చెప్పింది వినే రకం కాదు, ప్రశ్నలడిగే రకం. నాకు హుషారొచ్చింది. పాత బేకరీ గోడ ముందు నిలబడి, రొట్టె కాలిన చోట ఇప్పుడు చెట్టు కాలూనిందని చెబుతుంటే, కింద జెట్టీలో మావాళ్ల పడవ ఆగింది. మా ఆయన రెండు భుజాలకీ సంచులతో దిగి, నేరుగా కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్లి, అవి దింపి, నావైపు చెయ్యూపారు.

"పద్మినీ, ఇలా రా. అయిదు నిమిషాలు కూర్చో, పిల్లలకి అవతలి ఒడ్డు చూపించి వచ్చేస్తాం."

బృందమంతా నావైపు చూసింది. అప్పటికే ఓ జింక చెట్టు చాటునుంచి సంచుల్ని పరిచయం చేసుకుంటోంది. నా కాలు, ఒట్టు, ఒక అడుగు కిందికి వేసింది. ఇన్నేళ్లుగా ఆ గొంతుకి లేచే కాలది, దాన్ని తప్పుపట్టను. రెండో కాలు మాత్రం కదల్లేదు.

"నేను పనిలో ఉన్నానండీ. ఆ చెట్టు కింద నీడ బాగుంటుంది, కూర్చోండి" అన్నాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నేను తిరిగి పంతులమ్మలతో నడవబోతుంటే, వెనక చేతికర్ర చప్పుడు. అత్త చెట్టు కింద కూర్చోలేదు. కొడుకుతో నిన్నటి నుంచి మాటల్లేవు కదా, ఆయన పిలుపు కూడా వినిపించుకోకుండా నా దగ్గరకొచ్చి రొప్పుతూ నిలబడింది.

"ఒలే పద్మినీ, ఆ దీపం కాడికి నన్నూ తీసుకుపోవే. నాను సూడలేదు."

"నువ్వా? ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు కదత్తా?"

"మీ మావ ఉన్నప్పుడు సంచుల కాడ ఎవరు కూకున్నారనుకున్నావు?"

ఇరవై నాలుగ్గంటలూ మాటలతో ఆడుకునేదాన్ని, ఆ ఒక్క మాట ముందు ఏ శ్లేషా తట్టలేదు. నాకంటే ముందు ఆ చెట్టు ఆవిడది. నాకది వారసత్వం. అత్త చెయ్యి పట్టుకున్నాను. ఒక పంతులమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. ఒక్కో మెట్టు దిగుతూ, ఆగుతూ, ఒడ్డుకి చేరాం. గాలి అత్త ముసుగు లాగేసింది. ఆవిడ సర్దుకోలేదు. దీపస్తంభాన్ని కింద నుంచి పైదాకా చూసి, "మీ మావ ఇది మన పోలమ్మ గుడంతే ఉంటాదనీవోడు. సూడు, ఎంత పెద్దదో. అబద్దాలకోరు" అంది, ఎంతో ఇష్టంగా.

కాసేపటికి మావాళ్లు దిగొచ్చారు. మా ఆయన భుజాల మీద సంచులు, ఒకదాని మూలకి జింక పంటి గుర్తు. పులిహోర సగం పోయిందట. బేబీరాణి ఒక సంచి తన చేతిలోకి తీసుకుని, "ఆ జింకల దగ్గర ఎలా కూర్చుంటావు వదినా, విసుగ్గా ఉండదూ?" అంది. ఇంతకాలానికి అడిగింది.

అప్పుడే ఓ పంతులమ్మ నన్ను పిలిచింది. "గైడ్ గారూ, మీ అత్తగారితో ఫోటో దిగాలి."

గాలివాటానికేమో, ఆ మాట అత్త మంచి చెవిలో సూటిగా పడింది. "ఏటీ, గైడా?" అంది. నావైపు, కార్డువైపు, కొడుకువైపు చూసింది. తర్వాత కర్ర నేలకి ఆనించి, ఒడ్డున ఉన్నవాళ్లందరికీ వినపడేలా జరిగిందంతా చెప్పింది: కోడలు గైడంటే తనకి గాడిదని వినపడిందనీ, కొడుకు అన్నాడనుకుని రాత్రంతా వాడితో మాట్లాడలేదనీ. పంతులమ్మలు పొట్ట పట్టుకు నవ్వారు. ఉమేష్ నవ్వాడు. మా ఆయన సంచులు దింపకుండానే, "నేను అన్లేదని చెప్పానా లేదా అమ్మా? నీకే తప్పు వినపడింది" అన్నారు, కోర్టులో గెలిచినవాడిలా.

"తప్పేం వినలేదత్తా" అన్నాను. "నువ్వు విన్నది నా పాత ఉద్యోగం. నేను చెప్పింది కొత్తది."