గుంపు వేసిన కేక

డార్విన్ టాకెట్ కన్ను పోయింది. పోయింది అనడం కూడా తప్పే, తీశారు. పట్టపగలు, అందరి కళ్లముందూ, ఊరుగాని ఊరు నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరు సరదా తీర్చుకుంటూ తీశాడు.

ఆ సమయానికి నోవలీ ఎస్టెప్ ఆయనకు నాలుగడుగుల దూరంలో చచ్చిపడి ఉంది. చచ్చిపడి ఉండడం ఆమె ఉద్యోగం. బడి మూతపడేదాకా పిల్లలకు వండిపెట్టిన మనిషి, ఇప్పుడు వారం వారం మట్టిలో పడి ఈల మోగేదాకా కదలకుండా ఉంటుంది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బొగ్గు కంపెనీ ఒక కొండ తల నరికి, కడుపు ఖాళీ చేసి, చెరువు నిండా బురద వదిలేసి పోయింది. మిగిలిన చదునులో ట్రెంట్ హాలోవే వచ్చి ఆత్మరక్షణ శిబిరం పెట్టాడు. సైన్యంలో దుప్పట్లు లెక్కపెట్టే కొట్లో పనిచేసిన ఘనుడు, ఇక్కడ కమాండర్ అని పిలిపించుకుంటాడు. రేపో మాపో లోకం తలకిందులవుతుందట, కరెంటు పోతుందట, ఆకలిగొన్న గుంపు మన ఇళ్లమీద పడుతుందట. ఆ గుంపును ఎలా కాల్చాలో నేర్పుతాడు. నేర్చుకోవడానికి పట్నాల నుంచి ఇళ్ల దళారులు, వకీళ్లు, పళ్ల డాక్టర్లు వస్తారు. మోకాళ్లకు తొడుగులు, నడుము చుట్టూ ఇన్ని సంచులు, నూనె రాసి దువ్విన గడ్డాలు. కారులోంచి దిగడానికే ఆయాసపడతారు గానీ, కళ్లజోడు వెనక చూపు మాత్రం యుద్ధంలోంచి వచ్చినట్టుంటుంది.

మరి గుంపు కావాలి కదా. గుంపు కింది లోయలో దొరికింది. గనుల్లోంచి తీసేసిన వాళ్లు, వాళ్ల పెళ్లాలు, విధవలు. వాళ్ల మెడలకు తలా ఒక ఎర్ర గుడ్డ కట్టించాడు హాలోవే, శత్రువెవరో పెద్దమనుషులకు తేలిగ్గా తెలియాలని. వెనకటికి ఇదే కొండల్లో కంపెనీ తుపాకులకు ఎదురు నడిచిన కార్మికులు మెడకు ఎర్ర గుడ్డే కట్టుకున్నారని ఆ మహానుభావుడికి తెలియదు. నోవలీకి తెలుసు. ఆమె తాత గుడ్డ ఇంకా పెట్టెలో ఉంది.

తుపాకీ గుళ్లు నిజం గుళ్లు కావు, రంగు నింపిన గుళ్లు. తగిలితే తేలు కుట్టినట్టుంటుంది, పడిపోవాలి. ముఖానికి ముసుగు తొడుక్కోవాలి. గుంపుకిచ్చిన ముసుగులు పాతవి, గాలి కన్నాల నిండా ఎండిన రంగు. డార్విన్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి. ఆ రోజు ఊపిరాడక ముసుగు పైకెత్తి, చెయ్యి గాల్లో ఊపి అరిచాడు.

"కాల్పులాపు!"

ఆ కొండల్లో ఈ మాటకు ఉన్న విలువ ఇంకే మాటకూ లేదు. అక్షరాలు రాకముందే అక్కడి పిల్లలు ఉడతల వేటకు తుపాకీ పడతారు, అంతకంటే ముందు ఈ కేక నేర్చుకుంటారు. "ఎవరు అరవొచ్చు?" అని తండ్రి అడుగుతాడు. "ఎవరైనా!" అని పిల్లాడు చెప్పాలి. తాగుబోతు అరిచినా, పరాయివాడు అరిచినా, పసివాడు అరిచినా వేలు తియ్యాలి, గొట్టం నేలకు దించాలి. ఎందుకని తర్వాత అడగాలి. దించకపోతే వీపు చిట్లుతుంది.

డాక్టరు ఆ కేక విన్నాడు. తుపాకీ సగం దించాడు కూడా. దించి హాలోవే వైపు చూశాడు.

"ఆగకు!" అన్నాడు హాలోవే. "గుంపన్నాక ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది. కొట్టు!"

కొట్టాడు.

నోవలీ లేచి పరిగెత్తింది. ఈల మోగకముందే లేచినందుకు ఎవరో ఆమె వీపుమీద కూడా రంగు గుండు కొట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. డార్విన్ వేళ్ల సందుల్లోంచి కారేది రంగో నెత్తురో తెలియడం లేదు.

"సార్, ఆయన ఆపమని అరిచాడు సార్. అందరం విన్నాం," అంది నోవలీ.

"ముసుగు తీసింది ఆయనే, తప్పూ ఆయనదే," అన్నాడు హాలోవే. "ఇంకో మాట. ఆ కేక శిక్షణకొచ్చినవాళ్ల కోసం. మీరు గుంపు. గుంపుకు ఆ కేక లేదు."

మర్నాటి సాయంత్రం అగ్నిమాపక దళం షెడ్డులో లోయంతా చేరింది. పొయ్యిమీద బీన్సు, బల్లమీద మొక్కజొన్న రొట్టె, ఎవరికీ సయించడం లేదు. డార్విన్ కంటికి కట్టుతో గోడకానుకుని కూర్చున్నాడు. డార్విన్ మేనల్లుడు రోడీ మలిన్స్ లేచాడు.

"మాటలెందుకు? మన ఇళ్లల్లో తుపాకులు లేవా? ఆడికన్నా ఎక్కువున్నాయి. రంగు గుళ్లు కాదు, అసలైనవే. ఒక్క పొద్దుటికి ఆడు ప్లైవుడ్డుతో కట్టిన ఆ ఉత్తుత్తి ఊరు నేలమట్టం చేద్దాం."

"చేసి?" అంది గనిలో భర్తను పోగొట్టుకున్న ఓపల్. "ఉన్న ఒక్క పనీ పోగొట్టుకుని గడ్డి తిందామా? చావడం వచ్చు కాబట్టి బతుకుతున్నాం ఇన్నాళ్లూ."

"అట్టాగే చస్తా ఉండు పిన్నీ, నీకేం! రేపు నీ కన్ను తీస్తారు."

"నోర్ముయ్యరా రోడీ," అంది నోవలీ. "నువ్వు తుపాకీ పట్టుకుని కొండెక్కావనుకో, హాలోవే నీకు దణ్ణం పెడతాడు. ఆడు అమ్మే సరుకే అది. చూశారా, గుంపు నిజంగానే వచ్చింది అని నీ ఫోటో గేటుకు కట్టుకుంటాడు. ఏం చూసి భయపడుతున్నార్రా ఈ దద్దమ్మలు? కరెంటు పోవడం, నీళ్లు పాడవడం, ఆస్పత్రి మూతపడడం! అయన్నీ మనకెప్పుడో అయిపోయాయి. ఎవరి ఇంటిమీదన్నా పడ్డామా? ఉన్న రొట్టె పంచుకున్నాం. అది నేర్చుకోడానికి ఒక్కడన్నా వచ్చాడా?"

షెడ్డులో నవ్వు లేచింది, చేదుగా.

"మరేం చేద్దామంటావ్ అత్తా?" అన్నాడు రోడీ.

"మా నాన్న నేర్పిందే చేద్దాం."

డార్విన్ అప్పుడు నోరు విప్పాడు. ప్రతి మాటకీ ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. "కన్ను పోయినందుక్కాదమ్మా... అరిచినా ఆపలేదు. నేను మనిషిని కానన్నట్టే కదా."

ఆ మాటకు ఓపల్ శాలువా బిగించి ముడేసుకుని ముందుకొచ్చి నోవలీ పక్కన కూర్చుంది.

శనివారం కొత్త జట్టు దిగింది. కన్ను తీసిన డాక్టరు రాలేదు, పళ్లు పీకే పని తగిలిందేమో. ఎప్పటిలాగే హాలోవే పొద్దున్నే పాఠం చెప్పాడు. "కాల్పులాపు అని ఎవరు అరిచినా గొట్టం దించాలి!" అని వచ్చినవాళ్ల చేత మళ్లీ మళ్లీ చేయించాడు. ఎర్ర గుడ్డల గుంపు కంచె పక్కన నిలబడి శ్రద్ధగా విన్నది.

ఈల మోగింది. గుంపు కదిలింది. గడ్డాలవాళ్లు ప్లైవుడ్ గోడల వెనక నక్కి తుపాకులెత్తారు.

"కాల్పులాపు!" అంది నోవలీ.

తుపాకులన్నీ ఒక్కసారిగా దిగాయి. పొద్దున నేర్చిన పాఠం కదా, ఇంకా తాజాగానే ఉంది.

"ఎందుకు దించారు? అది గుంపు! మొదలెట్టండి!" అని హాలోవే గోల పెట్టాడు. మళ్లీ ఎత్తారు. ఈసారి ఓపల్ అరిచింది. మళ్లీ దిగాయి. తర్వాత రోడీ. తర్వాత వెనక వరసలో ఎవరో. యుద్ధవీరులు తుపాకులు ఎత్తలేక దించలేక బిక్కమొహాలు వేశారు. ఒక వకీలు ముసుగు తీసేసి, "ఇంతకీ కాల్చమంటారా వద్దంటారా?" అని విసుక్కున్నాడు. "ఒక్కరు అరిస్తే చాలు, ఆపమని మీరేగా చెప్పారు?"

"ఆ ఒక్క ముక్కే చెప్పమంటున్నాం," అంది నోవలీ హాలోవేతో. "కేక మాక్కూడా ఉందని ఇక్కడ అందరిముందూ చెప్పు. గాలాడే ముసుగులియ్యి. డార్విన్ వైద్యం నువ్వు చేయించు. అప్పుడు చస్తాం, నీకు నచ్చినట్టు చస్తాం."

హాలోవే చెప్పలేదు. చెబితే గుంపులో మనుషులున్నారని ఒప్పుకున్నట్టే, మనుషులుంటే అతని వ్యాపారం లేదు. పోలీసులకు కబురంపాడు.

వచ్చింది కోల్బీ. ఈ లోయ కుర్రాడే, నోవలీ వండిన బీన్సు తిని పెరిగినవాడే. "స్థలం ఆయనది అత్తా. పొమ్మన్నాక ఉండకూడదు. కేసవుద్ది," అన్నాడు నేల చూస్తూ.

"కన్ను తీస్తే కేసు కాలేదా నాయనా?"

కోల్బీ ఆమె చేతులకు బేడీలు వేశాడు. గుంపు దగ్గరకు జరిగింది. అతనికి భయమేసింది, చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీదకు పోయింది.

"కాల్పులాపు!"

గుంపంతా ఒక్క గొంతుతో అరిచింది. కోల్బీ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చింది. తన చెయ్యి తన మాట వినకుండా తండ్రి మాట విన్నందుకు అతని మొహం కందగడ్డైంది. అయినా నోవలీని కారెక్కించాడు. బానిస బుద్ధి చేతుల్లోంచి పోయినంత తొందరగా తలలోంచి పోదు.

కారు కిటికీలోంచి ఆమె గట్టిగా అడిగింది. "ఎవరు అరవొచ్చు?"

"ఎవరైనా!" అంది గుంపు.

కారు కొండ దిగింది. పనివాళ్లందరూ గేటు దాటి రోడ్డుమీదికొచ్చి నిలబడ్డారు, మెడల్లో గుడ్డలు విప్పలేదు. రోడ్డు ఎవడబ్బ సొత్తూ కాదు. హాలోవే పళ్లికిలించి అట్టబొమ్మలు నిలబెట్టించాడు. "గుంపు లేకపోతేనేం, ఇవి అరవవు," అన్నాడు. గడ్డాలవాళ్లు బారులు తీరారు. ఈల మోగింది. తుపాకులు లేచాయి.

గేటు బయట రోడీ ట్రక్కులోంచి డార్విన్ దిగాడు. కట్టు కట్టిన మొహం కంచెకు ఆనించి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు. పెద్ద కేకేం కాదు, దగ్గులో సగం పోయింది.

తుపాకులన్నీ దిగాయి. హాలోవే ఈల ఊదుతూనే ఉన్నాడు, ఒక్కడూ ఎత్తలేదు.