అమ్మ కట్టని పట్టుచీర

ఫ్లెక్సీ చూడగానే నా ఒళ్లు మండిపోయింది. ముఖం మా అమ్మదే. ఒంటిమీద మాత్రం మెరూన్ పట్టుచీర, జానెడు జరీ అంచు! అమ్మ జన్మలో పట్టు కట్టలేదు.

"ఇదేంట్రా?" అన్నాను తమ్ముడు మధుబాబుతో. అమ్మ జ్ఞాపకార్థ కూడికకి ఇంటిముందు పందిరి వేయించి, వాడే దగ్గరుండి కట్టించాడు దాన్ని.

"ఫోన్లోనే మార్చేసేనక్కా. పాత ఫొటోలో ఆ జనతా కొట్టు చీరేగా! మా కాలేజీ లెక్చరర్లంతా వస్తున్నారు, ప్రిన్సిపాల్ గారొస్తున్నారు. ఆ చౌక చీరలో ఏం బాగుంటాది?"

చౌక చీరట! ఆ కొట్టు గుడ్డతో కుట్టిన చొక్కా తొడుక్కునే వీడు కాలేజీ చదువుకెళ్లాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

అమలాపురంలో పెద్ద బట్టల కొట్లు అప్పుడూ ఉండేవి. కూలి చేసుకునే మాలాంటివాళ్లు మెట్టెక్కితే, "ఎంతలో కావాలి?" అని ముందే అడిగేవారు. ఒక్క చీర దూరంనుంచి చూపించి, ముట్టుకోబోతే "మాసిపోద్ది" అని లాక్కునేవారు. నచ్చినా నచ్చకపోయినా అమ్మ తలొంచుకుని అదే తెచ్చుకునేది.

జనతా కట్‌పీస్ సెంటర్లో అలా కాదు. బల్లలమీద గుట్టలుగా పోసేవారు, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. క్రిస్మస్ ముందు అమ్మ మమ్మల్ని వెంటేసుకుని వెళ్లి, ఒక్కో చీరా విప్పి, వేళ్లతో నలిపి, వెలుతురుకి పట్టి చూసేది.

"ఇది బాలేదండీ, ఇంకోటి తియ్యండి" అనేది కొట్టు యజమాని సత్తియ్యగారితో.

"ఆయ్, చూడండమ్మా" అని ఆయన మరో కట్ట విప్పేవారు.

'బాలేదు' అనే మాట అమ్మ నోట విన్నది ఆ ఒక్కచోటే. పసుపు పువ్వుల ఆకుపచ్చ చీర అలా ఏరి తెచ్చుకున్నదే. అది కట్టుకునే ఫొటో తీయించుకుంది. ఆ కొట్టు మూతపడి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

"బాలేదు, తీసెయ్" అన్నాను.

"పాస్టర్ గారొచ్చే వేళైందక్కా, ఇప్పుడెలా?"

"అయితే అమ్మ గురించి నన్ను మాట్లాడమనకు. ఆ పట్టుచీరావిడెవరో నాకు తెలీదు."

బీరువాలోంచి అసలు ఫొటో తెచ్చి వాడి చేతిలో పెట్టాను. అందులో అమ్మ పక్కన, ఆ చీర కొంగు గట్టిగా పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లాడు వాడే. ఫ్లెక్సీలో చీరతోపాటు ఆ పిల్లాడినీ తీసిపారేశాడు.

మధుబాబు స్టూలెక్కి ఫ్లెక్సీ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.