జేబులోని పీలికలు

కొండ ఎక్కుదామన్న ఆలోచన దర్జీది. సరేనన్నవాళ్లు ముగ్గురు: వ్యాను డ్రైవరు, రిటైరైన పంతులుగారు, నూలు మిల్లులో మేస్త్రీగా పనిచేసే దర్జీ బావమరిది. చలి మొదలైన రోజులు గనక చెమట పట్టకుండా నడవొచ్చని, పైన గడ్డి మైదానం కనుచూపు మేర పరుచుకుని ఉంటుందని దర్జీ నెల్లాళ్లుగా ఊదరగొడుతున్నాడు.

మేస్త్రీకి దేవుడి మీద గురి ఎక్కువ. కొండ కింద వాగు దగ్గర చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. ఆలోగా తక్కినవాళ్లు ఏదో మాట్లాడుకుంటూ ముందుకు కదిలారు. ఆ మాటలేమిటో తర్వాతైనా అడగాలని అతనికి తోచలేదు.

నిదానంగా నడుస్తాడని అతన్ని చివర పెట్టారు. మైదానంలోకి వచ్చాక అక్కడక్కడ మోకాలెత్తు తుప్పలకు గుడ్డ పీలికలు వేలాడుతూ కనిపించాయి. మిల్లులో నేల మీద దారప్పోగు కనబడితే చాలు, వంగి తీసేయడం అతనికి చేతికి పట్టిన అలవాటు. తీయకపోతే అది యంత్రంలో పడి చుట్టుకుంటుంది. ఎవరో బుద్ధిలేనివాళ్లు కొండని కూడా పాడుచేస్తున్నారని గొణుక్కుంటూ ఒక్కో పీలికా విప్పి జేబులో కుక్కుకున్నాడు. ముళ్లు గీరుకున్నా వదల్లేదు. ఏదో పుణ్యం చేసినట్టు తృప్తిగా కూడా అనిపించింది.

పైన బండ మీద కూచుని తెచ్చుకున్నది తింటుండగా మంచు దిగింది. చూస్తుండగానే నాలుగడుగుల అవతల లోకం లేకుండా పోయింది. ఫోన్లు ఎప్పుడో మూగబోయాయి. డ్రైవరు గాభరాగా లేచి నిలబడ్డాడు. దర్జీ మాత్రం నింపాదిగా మూతి తుడుచుకున్నాడు.

"కంగారెందుకు? దారి పొడుగునా తుప్పలకి పీలికలు కట్టుకుంటూ వచ్చానుగా. వాటిని చూసుకుంటూ దిగిపోవడమే."

మేస్త్రీ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. పీలికల ఉండ వేళ్లకు తగిలింది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే దర్జీ అతని భుజం చరిచి, మీ అక్క నన్ను దేనికీ పనికిరానంటుంది, ఇంటికెళ్లాక ఈ సంగతి నువ్వే చెప్పాలి అన్నాడు. అందరూ నవ్వారు. తెరిచిన నోరు మూతపడింది.

నడిచారు. మొదటి పీలిక కనిపించలేదు. ఇంకాస్త ముందు కట్టానేమో అన్నాడు దర్జీ. ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఎటు పోతున్నారో తెలియకుండా పోయారు. కాళ్ల కింద నేల మెత్తబడింది, బురద నీళ్లు బూట్లలోకి వచ్చాయి. పంతులుగారికి ఉబ్బసం. ఊపిరి తీస్తుంటే ఈల వినిపిస్తోంది. మందు చూస్తే కింద వ్యానులో ఉండిపోయింది. చీకటి పడితే ఈ చలికి ఆయన తట్టుకోలేరని అందరికీ తెలుసు.

మేస్త్రీ లోలోపల మొక్కుతూనే ఉన్నాడు. స్వామీ, ఒక్క పీలిక కనిపించేలా చెయ్యి. నా కంటపడకుండా ఒక్కటైనా మిగిలి ఉండేలా చెయ్యి. మొక్కుతూ మొక్కుతూ ఆగిపోయాడు. జేబులో ఉన్నదాన్ని తుప్ప మీద చూపించమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? జేబు నాది, చెయ్యి నాది. దీనికి దేవుడి దాకా వెళ్లాలా?

పంతులుగారు గడ్డి మీద కూలబడ్డారు. "మీరు వెళ్లండ్రా. పీలిక దొరికాక వచ్చి నన్ను తీసుకెళ్లండి."

"దొరకదు పంతులుగారూ," అన్నాడు మేస్త్రీ. జేబులోని ఉండ తీసి దర్జీ ముందు చాపాడు. "చెత్త అనుకున్నాను బావా. అన్నీ ఏరేశాను."

దర్జీ ఆ ఉండ వంక చూశాడు. "మరి నీకెప్పుడు తెలిసింది?"

"తినేటప్పుడు."

"తెలిసీ ఇంతసేపు ఈ పెద్దాయన్ని బురదలో తిప్పావా?"

డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. పంతులుగారే చెయ్యెత్తి, తిట్లు కిందికెళ్లాక తిట్టుకోమని, ఇప్పుడు పీలికలు వెతకడం మాని పారే నీళ్లు వెతకమని, నీళ్లు ఎటు పోతే వాగు అటేనని ఆయాసపడుతూ చెప్పారు.

మేస్త్రీ పీలికలను ఒకదానికొకటి ముడివేశాడు. తెగిన పోగులు అతికిన చేతులకు చూపుతో పనిలేదు. ఒక కొస నడుముకు కట్టుకుని, రెండోది బావ చేతికిచ్చాడు. వాళ్లను కదలొద్దని, నీళ్లు దొరికితే పీలిక లాగుతానని చెప్పి మంచులోకి నడిచాడు.

వెనక్కి చూస్తే ఎవరూ లేరు. పీలిక ఒక్కటే బిగిసి ఉంది. అది అందినంత మేర అర్ధచంద్రాకారంలో తిరుగుతూ పోయాడు. ఒకచోట నేల వాలింది, సన్నగా గలగల వినిపించింది. వంగి చేత్తో తడిమాడు. నీటి పాయ. కిందికే పారుతోంది.

పీలికను లాగాడు. జవాబు లేదు. బావ కోపంతో వదిలేశాడా? ముడి ఊడిందా? మళ్లీ లాగాడు. అవతల నుంచి విసురుగా ఒక్క గుంజు గుంజారు. ఇతను బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాడు. అయినా పట్టరాని సంతోషమేసింది.

వాళ్లు పీలిక పట్టుకుని వచ్చారు. పాయ వెంటే దిగారు. పంతులుగారి చెయ్యి మేస్త్రీ భుజం మీద ఉంది, ఆయన బరువు అడుగడుగునా తెలుస్తోంది. దర్జీ వెనక నడుస్తూ పీలికను చేతికి చుట్టుకుంటూ వచ్చాడు.

మసక వెలుతురులో వాగు కనిపించింది. పొద్దున దణ్ణం పెట్టుకున్న చోటే. మేస్త్రీ ఆగలేదు. నడుస్తూనే మనసులో ఒక్కసారి తలుచుకుని, పంతులుగారిని వ్యాను వైపు నడిపించాడు.