ఎండని తీగ

వజ్రపుకొత్తూరు దగ్గర ఇసకనేలలో చిన్నమ్మి వేసిన పుచ్చతోటకి మళ్లీ ఎండుతెగులు తగిలింది. పొద్దున పచ్చగా ఉన్న తీగ సాయంత్రానికి వాలిపోయేది. నిరుడూ ఇదే గతి. మొగుడు కూర్మయ్య కిడ్నీలు పాడై సముద్రం మీదికి వేటకెళ్లడం మానేశాక ఆ తోటే ఇద్దరికీ కూడు పెట్టాలి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

తోటంతా పోయినా ఒక్క తీగ మాత్రం మొండిగా బతికింది. దానికి ఒకే ఒక్క కాయ. మొక్కల తెగుళ్లు పరిశోధించే ఉమాశంకర్ టెక్కలి నుంచి వచ్చి, చచ్చిన తీగల వేళ్లు చీల్చి చూశాడు.

"మట్టిలో ఉన్న బూజు వేళ్లలోకి పాకి చంపేస్తోందమ్మా. అదే మట్టిలో ఇది నిలబడిందంటే, పుట్టుకతోనే తట్టుకునే బలం ఉందేమో. గింజలు మొలిపించి చూస్తేగాని తెలీదు. నిజమైతే వచ్చే ఏడు నీ తోట ఎండదు. తొడిమ దగ్గర మెలికలు తిరిగిన నులితీగ ఎండేదాకా కాయ కొయ్యకు. లేతగింజ మొలవదు."

అప్పట్నుంచి చిన్నమ్మి ఆ తీగని కళ్లలో వత్తులేసుకుని కాసింది. నేలనూతి నుంచి కడవలతో నీళ్లు మోసి పోసింది. ఇంట్లో కూర్మయ్యకి మాత్రం గ్లాసుతో కొలిచి ఇచ్చేది. డయాలసిస్ చేసే పలాస డాక్టరు అంతకు మించి తాగొద్దన్నాడు.

"నాలిక పిడసకట్టుకుపోతంది. ఆ కాయలో ఒక్క ముక్క ఎట్టవే," అన్నాడు కూర్మయ్య ఓ మధ్యాహ్నం.

"డాకటేరు పుచ్చకాయ ముట్టొద్దన్నాడు గదా మావా."

"డాకటేరు వొద్దన్నాడనా, ఇత్తనం కోసమా?"

చిన్నమ్మి కడవ ఎత్తుకుని తోటవైపు తిరిగింది. మొక్కకి కడవ, మొగుడికి గ్లాసు అంటూ అతను నవ్వాడు. ఆమెకి ఒళ్లు మండింది, ఎందుకంటే అది నిజం. డాక్టరు వద్దనకపోయినా ఆమె ఆ కాయ కోసేది కాదు.

పై వారమే కూర్మయ్య పోయాడు. కాయ ఇంకా ముదరలేదు.

పెద్దకర్మనాడు ఒడ్డున విస్తట్లో అన్నం, చేపల పులుసు పెట్టారు. కాకులు సరుగుడు చెట్ల మీద కూర్చున్నాయే గాని కిందికి దిగలేదు.

"అన్నా, నీ వల నాను సూసుకుంతాను. ఒదిన్ని పస్తుండనివ్వను," అని తమ్ముడు బాలకృష్ణ చేతులు జోడించాడు. అయినా కాకి ముట్టలేదు.

"ఏటి కోరిక మిగిలిపోనాదో, సెప్పండర్రా," అంది ముసలి అసిరమ్మ.

చిన్నమ్మికి తెలుసు. తెలిసీ తలొంచుకుని కూర్చుంది. ఆ తీగకి ఇంకో పిందె లేదు, ఎండలకి పూతంతా రాలిపోయింది. పోయినవాడికి కాయ పెట్టేస్తే వచ్చే ఏడు తనేం నాటాలి? ఇలా ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి తోటకి నడిచింది. నులితీగ పచ్చగానే ఉంది. కత్తితో తొడిమ కోసేసింది.

కాయ తెచ్చి విస్తరి పక్కన పగలగొట్టింది. లోపల ఎరుపు తిరగలేదు, గింజలు తెల్లగా ఉన్నాయి. ఆమె వెనక్కి జరిగేలోపే ఒక కాకి వాలింది, దాని వెనకే మరోటి. గుజ్జుతో పాటు గింజలూ మింగేశాయి.

"తిన్నాడు, తిన్నాడు," అని అందరూ దండం పెట్టుకున్నారు. చిన్నమ్మి ఇసకలో కూలబడిపోయింది.

"అడిగినప్పుడే ఎట్టుంటే నీ నోట్లో పడును గదా మావా," అని గొల్లుమంది. "ఇప్పుడు నీకూ నేదు, నాకూ నేదు."