గాజు సీసాలో అండుకొర్రలు

గోరంట్ల శిక్షణ కేంద్రంలో రాఘవేంద్ర తొమ్మిదేళ్లుగా ప్రతి తరగతినీ ఒక గాజు సీసాతోనే మొదలుపెట్టేవాడు. ఊళ్లలో రైతులను కూడగట్టి, కరువును తట్టుకునే సాగు వైపు నడిపించవలసిన కార్యకర్తలకు దాన్ని ఎత్తి చూపేవాడు.

"ఇవి ఆంజినమ్మ అవ్వ తన చేలో పండించి ఇచ్చిన అండుకొర్రలు. రెండు వానలకే పండే పాత రకం చిరుధాన్యం. ఊరి విత్తనం ఊరి చేతిలోనే ఉండాలి" అనేవాడు. వాళ్లు రాసుకునేవారు.

అవ్వ ఆ విత్తనాన్ని బూడిద కలిపి సొరబుర్రలో ఇచ్చింది. అందరికీ కనపడాలని సీసాలోకి మార్చి కిటికీలో పెట్టింది రాఘవేంద్రే.

ఈ వేసవిలో అవ్వ కబురు పంపింది. వరుసగా రెండేళ్లు పంట ఎండిపోయిందట, ఇంట్లో గింజ మిగల్లేదట. మృగశిరలో వాన పడగానే వచ్చి తన సేరు విత్తనం తీసుకుపోతానంది. రాఘవేంద్ర నూరు గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి పెట్టాడు. అందరికీ తాను నేర్పే పరీక్షే అది. ఐదో రోజు విప్పాడు. ఒక్కటీ మొలకెత్తలేదు. మరో నూరు చుట్టి ఎనిమిదో రోజు దాకా ఆగాడు.

ఆ తర్వాత హిందూపురం అంగడి నుంచి అచ్చం అలాంటి గింజలే తెచ్చి సంచిలో పోశాడు. అబద్ధం ఆడనక్కర్లేదు, సంచి అందిస్తే చాలు. మౌనం అబద్ధం కాదని ఎంత వాదించుకున్నా, ఆ వాదనకు తీర్పరి కూడా తానే కావడం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

వాన పడిన మర్నాడు, తరగతి నడుస్తుండగానే అవ్వ వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని, బురద కాళ్లతో గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా, నా ఇత్తనాలకు సదువు అయిపోయిందా? తొమ్మిదేండ్లాయె, ఇంగా ఎన్నో తరగతి?"

కార్యకర్తలు నవ్వారు. రాఘవేంద్ర సంచి ఎత్తాడు. ఆమె విప్పి చూపమనలేదు, కొంగు పట్టింది. అతని చేయి అక్కడే ఆగిపోయింది.

"ఇవి నీవి కాదవ్వా. అంగట్లో కొన్నవి. నీవి సచ్చిపోయినాయి. ఎండలో పెట్టి నేనే సంపినా."

అవ్వ సీసా మూత తీసి, గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూసింది.

"ఇంతమందికి చెప్తివి గదా నాయనా. ఒక్కరికన్నా పిడికెడు ఇయ్యాలనిపించల్యా?"

అనిపించలేదు. ఇస్తే సీసా వెలితి పడుతుంది. అతని చేతిలో విత్తనం ఉదాహరణగా మారింది. ఉదాహరణను ఎవరూ విత్తరు.

"రోలు యాడుండాది?" అంది అవ్వ.

"ఎందుకవ్వా?"

"మొలకెత్తకుంటే పాయె. దంచితే అన్నమన్నా అవుతాయి గదా. పారేసేకి మనసొప్పదు."

వంటగదిలోంచి రోకటి చప్పుడు వినిపిస్తున్నంతసేపూ తరగతిలో ఎవరూ ఏమీ రాసుకోలేదు.

మధ్యాహ్నం ఆమె మొదటి గరిటె అతని కంచంలోనే పెట్టింది.

"తిను. దీని రుచి ఎట్లుండేదో రేపట్నుంచి నువ్వే చెప్పల్ల."

అన్నం చాలా రుచిగా ఉంది. అవ్వ మాత్రం తినలేదు. అంగడి గింజల సంచి నెత్తిన పెట్టుకుని బస్సుకు పోయింది.