రామాయమ్మకు బాకీపడ్డ మూడు రోజులు

మాచవరం దగ్గర ఎకరంన్నర కౌలుకు తీసుకుని మిరప వేసింది రోశమ్మ. తొలి కోత బదులు పని మీదే గడిచింది. వాళ్ల వీధి ఆడవాళ్లు ఒకరి చేలో ఒకరు కోసుకుంటారు. ఇవాళ నువ్వు నాకొస్తే రేపు నేను నీకొస్తాను, కూలి మాట ఉండదు. ఒక్క రామాయమ్మతో మాత్రం రోశమ్మకు ఆ వరస తెగి రెండేళ్లయింది. సాగర్ కాలువ నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, ఒకరి చేలోకి ఒకరు వెళ్లడం మానుకున్నారు.

రెండో కోతకు కాయ పండిన సమయంలోనే రోశమ్మ భర్త కోటేశ్వర్లుకు క్వారీలో రాయి పడి కాలు విరిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో పదకొండు రోజులు అతని మంచం పక్కనే ఉండిపోయింది. కాయ చెట్టు మీదే ఎండి రాలిపోయి ఉంటుందని ఆశ వదులుకుంది.

ఊరికి వచ్చి చూస్తే కాయంతా కల్లంలో పట్టాల మీద ఆరబోసి ఉంది. మూడు రోజులు కోశామని పక్కింటి మహేశ్వరి చెప్పింది. వచ్చినవాళ్ల పేర్లు చెబుతూ చివర్లో రామాయమ్మ పేరు కూడా చెప్పింది. మూడు రోజులూ వచ్చిందట.

రోశమ్మకు సంతోషం కంటే ముందు చిన్నతనం అనిపించింది. అడగని సాయం, అదీ ఆమె చేత. ఆ సాయంత్రమే రామాయమ్మ ఇంటికి వెళ్లి, గడప దగ్గరే నిలబడి, రేపటి నుంచి మూడు రోజులు నీ చేలోకి వస్తానంది.

రామాయమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నా కోత అయిపోయిందే. ఇప్పుడొచ్చి ఏంది చేస్తావు?"

"మరి నీ బదులు ఎట్టా తీర్చేది అత్తా?"

"తొందరేంది? నీకాడ మూడు రోజులు ఉన్నాయంటే నాకూ ఒక మనిషి ఉన్నట్టే గదా. ముందు కోటేశ్వర్లు సంగతి చూసుకో."

తర్వాత కూర్చోమంది. రోశమ్మ కూర్చుని తనూ కాస్త చింతపండు అందుకుంది. నీళ్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

భాద్రపదంలో రామాయమ్మ మిరప నారు నాటిస్తోందని తెలిసి, రోశమ్మ కబురు రాకముందే వెళ్లింది. మూడు రోజులూ నాటింది. మొక్కలు మరీ దగ్గరగా పెడుతున్నావని రామాయమ్మ రెండుసార్లు కసిరింది కూడా. నాలుగో రోజు పొద్దున్నే రోశమ్మ తన చేలో ఇంకా నారు పెట్టని సాళ్లు చూసుకుంటుంటే, రామాయమ్మ మిగిలిన నారు తట్ట తలమీద పెట్టుకుని గట్టు దిగి వచ్చింది.